నేను పదికి నాలుగు వేసిన ఏడుపు

పత్రికల్లో చేరి ఏడాది, రెండేళ్లయిన పిల్లలు నలుగురు మొన్న జనగామలో మా ఇంటికి వచ్చారు. ముప్పై ఒక్క ఏళ్లు డెస్కులో కూర్చున్న మనిషి దగ్గర చెప్పుకోదగ్గ సంగతులు చాలా ఉంటాయని వాళ్ల నమ్మకం. "మేడం, మీ సర్వీసులో మర్చిపోలేని రోజేది?" అని ఒకమ్మాయి అడిగింది. ఎన్నికల ఫలితాలో, వరదలో, మొదటి పేజీలో మంత్రి పేరు తప్పు పడిన ఉదయమో చెబుతానని పెన్నులు తీశారు. నాకు మాత్రం ఒక వీడియో గేమ్ గుర్తొచ్చింది. ఆ మాటే అంటే నవ్వారు. నేనూ నవ్వి, టీ పెట్టే వంకతో లోపలికి వెళ్లాను. ఆ రోజు వాళ్లకు చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నాను. సమీక్షలు రాయాలనుకునేవాళ్లు చదివితే చాలు.

నేను సబ్ ఎడిటర్‌ని. పొద్దున జనగామలో రైలెక్కి హైదరాబాద్‌లో దిగడం, సాయంత్రం మళ్లీ అదే గుంపులో నిలబడి రావడం, మధ్యలో ఇతరుల వాక్యాలు సరిచేయడం. చివరి అయిదారేళ్లలో పత్రిక కాగితం మీద చిక్కిపోయి ఫోన్లలో పెరగడం మొదలైంది. మాలాంటి పాత సరుకును ఎక్కడ సర్దాలో పైవాళ్లకు తోచలేదు. నన్ను వారాంతపు అనుబంధంలో వేశారు. అందులో వీడియో గేముల మీద ఒక శీర్షిక ఉండేది. రాసే అతను వేరే ఉద్యోగం దొరికి వెళ్లిపోయాడు.

"అక్కా, రెండు వారాలు మీరు నడిపియ్యుండ్రి. మనిషి దొరకంగనే మిమ్మల్ని తీసేస్త," అన్నాడు మా ఇంచార్జి. నాకంటే పదేళ్లు చిన్నవాడు, పని తెలిసినవాడు, నేనంటే గౌరవం ఉన్నవాడు.

ఆ రెండు వారాలు నాలుగేళ్లయ్యాయి.

మొదట్లో నా చేతిలో కంట్రోలర్ ఉంటే తెర మీది మనిషి గోడలకు గుద్దుకుంటూ తిరిగేవాడు. మెల్లగా అలవాటైంది. కాల్పుల ఆటలు నాకు పడలేదు. ఓపెన్ వరల్డ్ ఆటలంటే మాత్రం ఇష్టం పెరిగింది. వాటిలో ఒక పెద్ద దేశాన్నే మన ముందు పరుస్తారు. చెప్పిన దారినే పోవాలని లేదు. కొండెక్కవచ్చు, ఏరు దాటవచ్చు, అప్పజెప్పిన పని పక్కన పెట్టి ఎవరింటి ముందో నిలబడి వాన చూడవచ్చు. ఏళ్ల తరబడి ఒకే పట్టాల మీద తిరిగిన దాన్ని కదా, ఆ తిరుగుడు నాకు ఎంత హాయిగా ఉండేదో చెప్పలేను. శీర్షిక కింద మారుపేరు ఉండేది. చదివేవాళ్లంతా నన్ను పాతికేళ్ల కుర్రాడనుకునేవారు. "బ్రో, అదరగొట్టినవ్" అని రాసేవారు. అప్పటికి నాకు యాభై ఆరు, రెండు మోకాళ్లకూ నొప్పులు.

హైదరాబాద్‌లోనే ఒక చిన్న కంపెనీ అలాంటి ఆట ఒకటి తయారుచేసింది. అందులో గోదావరిని తలపించే నది, మహదేవపూర్ వైపు ఊళ్లను చూసి గీసినట్టున్న ఇసుక ఒడ్లు, భూపాలపల్లిని పోలిన బొగ్గు పట్నం, వాటి మధ్య అడవి. తెర మీద మన చెట్లు, మన ఆటోలు, మన బస్టాండు కనబడేసరికి పొంగిపోయి పదికి ఎనిమిది వేశాను. రెండేళ్ల తర్వాత దానికి అదనపు కథ వస్తోందన్నారు. ఎక్స్‌పాన్షన్ అంటారు. పాత ఆటకే కొత్త ప్రాంతాన్ని, కొత్త కథను జోడించి ఇవ్వడం.

ఇలాంటివి విడుదలకు నాలుగైదు రోజుల ముందే సమీక్షకులకు అందుతాయి. ఫలానా గంట దాకా నోరు విప్పకూడదు. ఆ గంట కాగానే అందరి సమీక్షలూ ఒక్కసారిగా బయట పడతాయి. ముందు కనబడినవాటినే జనం చదువుతారు. అందుకని ఆ నాలుగైదు రోజుల్లోనే ఆడాలి, రాయాలి, మార్కులు వేయాలి.

కథ ఇది. చిన్నతనంలో కూలి ముఠాతో దూర రాష్ట్రానికి పోయిన ఒక తండా పిల్ల పన్నెండేళ్ల తర్వాత తిరిగి వస్తుంది. తల్లి ఉన్న గుడిసె ఖాళీ. తల్లి ఎటు పోయిందో అడుగుతూ నది ఒడ్డు నుంచి బొగ్గు పట్నానికి, అక్కడి నుంచి అడవి దారిన ఊరూరూ తిరగాలి. ఆడేవాళ్లు చేసే పని ఆ అడగడమే. తుపాకి లేదు, శత్రువు లేడు. ఏడెనిమిది గంటలు అలా తిరిగాక ఒక పత్తి చేనులో తల్లి దొరుకుతుంది. ఆమె నడుముకున్న పత్తి ఒడి జారిపోతుంది. ఉరికి వచ్చి కూతురి మెడ చుట్టూ రెండు చేతులూ వేసి, భుజం మీద తల ఆనించి, రాగం తీసి ఏడుస్తుంది. దాదాపు నాలుగు నిమిషాలు. అంతా తండా భాషలో. తెర కింద తెలుగు అక్షరాలు లేవు, వెనక సంగీతం లేదు. ఆట అక్కడితో అయిపోతుంది.

చూసి నేను విస్తుపోయాను. పన్నెండేళ్లకు బిడ్డ దొరికితే శవం ముందు ఏడ్చినట్టు ఏడుస్తుందేమిటి?

నాకు అంత ధీమా ఎందుకంటే, ఆ ఏడుపు నేను చిన్నప్పుడు విన్నాను. మాది ఎవుసం ఉన్న ఇల్లు. నాట్లకు తండా ఆడవాళ్లు వచ్చేవారు. ఒకరోజు పొలం ఒడ్డు మీద ఇద్దరు ఒకరినొకరు పట్టుకొని అచ్చం ఇలాగే రాగం తీశారు. నేను అటు పోబోతే మా నాయనమ్మ ఆపింది. "వాళ్ల దిక్కు ఎవరో సచ్చిపోయినట్టున్నరు, అటు పోకు," అంది. యాభై ఏళ్లు ఆ మాట నాలో అలాగే ఉండిపోయింది. సమీక్షలో దాన్నే సాక్ష్యంగా పెట్టాను. "ఈ ప్రాంతంలో పుట్టి పెరిగిన దాన్ని" అని రాస్తే ఆడమనిషినని తెలిసిపోతుంది కాబట్టి, "ఈ ప్రాంతంలో పుట్టి పెరిగినవారికి ఈ ఏడుపు తెలుసు. ఇది చావు ఏడుపు. సంతోషానికీ దుఃఖానికీ తేడా తెలియనివారు కథ రాస్తే ఇలాగే ఉంటుంది. ఈ గొంతు కూడా నటన మితిమీరిన గొంతు" అని రాశాను. పదికి నాలుగు వేశాను. శీర్షిక: 'కలయికలో కర్మకాండ'.

ఆ శీర్షిక తట్టినప్పుడు రైలులో ఉన్నాను. పక్కనున్నామెకు కూడా చెప్పుకోవాలన్నంత సంబరపడ్డాను.

ఇంచార్జి చదివి, "అక్కా, హెడ్డింగ్ అంటే గిదీ," అన్నాడు. ఫోన్ల కోసం ఆ చివరి ఘట్టాన్ని అర నిమిషానికి కత్తిరించి, చివర ఒక వెకిలి చప్పుడు తగిలించి వదిలారు. ఆ పని నేను చేయలేదు. వద్దని కూడా అనలేదు. రెండు రోజుల్లో అది ఎక్కడెక్కడికి పాకిందో లెక్క లేదు. పరీక్ష పాసైనవాళ్లు, బస్సు దొరికినవాళ్లు, ఇంట్లో చికెన్ వండితే సంబరపడినవాళ్లు అందరూ తమ వీడియోలకు ఆ ఏడుపునే పెట్టుకొని నవ్వారు. మిగతా సమీక్షకుల్లో కొందరికి మొదట ఆ ఘట్టం నచ్చిందట. అర్థం కాకపోయినా గుండె పట్టేసిందని ఒకరు రాశారు. నా సమీక్ష వచ్చాక వాళ్లూ వెనక్కి తగ్గారు. ఒక ఇంగ్లిష్ సైటువాళ్లు, ఆ నేల మీద పుట్టిన తెలుగు విమర్శకులే ఇది తప్పంటున్నారు కదా అని నన్ను ఉదహరించి మార్కులు తగ్గించారు.

నెల తిరిగేసరికి కంపెనీవాళ్లు ఒక సవరణ వదిలారు. చివరి ఘట్టంలో తల్లి ఏడుపు తీసేసి వయొలిన్ పెట్టారు. తల్లి నోరు కదులుతుంది, గొంతు వినబడదు. "విమర్శలను గౌరవించి దిద్దుకున్నాం" అని ప్రకటన ఇచ్చారు. ఆడేవాళ్లు మెచ్చుకున్నారు. నేను రాసిన మాటకు ఏదైనా ఒకటి మారడం ముప్పై ఏళ్లలో అదే మొదటిసారి. ఇంటికి మిఠాయి తీసుకెళ్లాను. ఇది రాయకుండా దాచుకోవచ్చు. కానీ తీసుకెళ్లాను.

తర్వాత ఒక మధ్యాహ్నం ఆఫీసుకు ఫోన్ వచ్చింది. ఆడగొంతు.

"మేడం, నమస్తే. ఆ గేముల చివరి కథ రాసింది నేనే. ఆ పేరుతోని రాసేది మీరేనని, మీరు జనగామోళ్లని మీ ఆఫీసుల చెప్పిండ్రు."

కొట్లాటకు చేసిందనుకొని గొంతు సవరించుకున్నాను. ఆమె మామూలుగా అడిగింది.

"మీ దిక్కు తండాలు లేవా మేడం?"

"ఎందుకు లేవు? ఉన్నయి."

"మరి మావోళ్లు కలుసుకుంటే ఎట్ల ఏడుస్తరో మీరు ఎన్నడు సూడలేదా?"

ఆమే చెప్పింది. తండాలో ఆడవాళ్లు చాలా రోజులకు కలిస్తే అలాగే మెడ పట్టుకొని రాగం తీస్తారు. అది వాళ్ల పలకరింపు. నువ్వు లేనప్పుడు ఏమేం జరిగిందో ఆ ఏడుపులోనే చెబుతారు. చావుకూ ఏడుస్తారు, దాని మాటలు వేరు. బయటివాళ్లకు రెండూ ఒక్కలాగే వినబడతాయి.

"ఆ గొంతు నటన కాదు మేడం. మా యాడిది," అంది. యాడి అంటే అమ్మ. "స్టూడియోకు తీస్కపోతే ఆమెకు రాలే. ఉత్తగ ఎట్ల ఏడుస్త అన్నది. ఆఫీసుల పని తెగక ఏడాది ఇంటికి పోలే నేను. పోయిన్నాడు ఫోన్ల రికార్డింగ్ ఆన్ జేసి ఇంటి గల్మల అడుగువెట్టిన. గదే మీరు విన్నది."

"ఇప్పుడు నన్నేం చెయ్యమంటవ్ బిడ్డా?" అన్నాను.

"మీతోని కొట్లాటకు చెయ్యలే. తండాల పోరగాండ్లు ఆ వీడియో యాడికి సూపిచ్చిండ్రు. పేపరోళ్లు గిట్ల రాసిండ్రని గూడ చెప్పిండ్రు. అప్పటిసంది నేను ఇంటికి పోతే ఏడుస్తలేదు మేడం. 'వచ్చినవా' అంటది, లోపలికి పోతది. పేపర్ల రాసింది తప్పని ఎంత చెప్పినా నమ్ముతలేదు. రాసినామె చెప్తే నమ్ముతదేమో. ఒక్కసారి వస్తరా?"

వస్తానన్నాను. ఫోన్ పెట్టేశాక, ఆ ఏడుపు పలకరింపన్న మాట నిజమో కాదో ఎవరినైనా అడగాలనిపించింది. అడగాలని అప్పుడు తోచింది చూడండి! మా ఆఫీసులో పేజీలు పెట్టే ఆమె మహబూబాబాద్ వైపు తండా మనిషి. పదకొండేళ్లు ఒకే క్యాంటీన్లో టీ తాగాం. ఆమె కూతురి బారసాలకు కూడా వెళ్లాను. ఆ సమీక్ష పేజీ పెట్టింది ఆమే. వెళ్లి పక్కన కూర్చున్నాను.

"గా ఏడుపు సంగతి నీకు తెలుసునా?"

"తెల్సు అక్కా." తెర మీంచి చూపు తిప్పలేదు.

"మరి నాకు చెప్పకపోతివి?"

"మీరు అడగలే గదా. హెడ్డింగ్ గూడ పెట్టి పంపినంక నేనేం చెప్త? కొలత జూసి పేజీల కూసోబెట్టుడే నా పని." తెర మీది పేజీ జరుపుతూ అంది. "నేను పోతే మా అమ్మ గూడ గట్లనే ఏడుస్తది. గా వారం నేను ఇంటికి పేపర్ తీస్కపోలే అక్కా."

ఆమె మళ్లీ పనిలో పడింది. 'కలయికలో కర్మకాండ' అన్న అక్షరాలను పెద్దవి చేసి, నల్లగా దిద్ది, పేజీ మధ్యలో నిలబెట్టింది ఆ చేతులే. నా శీర్షిక పొడవుగా ఉందని, రెండు వరుసల్లో అందంగా పట్టించింది కూడా.

ఆదివారం పొద్దున జనగామలో రైలెక్కి మహబూబాబాద్‌లో దిగాను. కథ రాసిన అమ్మాయి స్టేషన్ బయట నిలబడి ఉంది. ముప్పై ఏళ్లుంటాయి. పల్చటి మనిషి, చేతిలో అరటిపళ్ల సంచి. గంగారం పోయే దారిలో బస్సు, అక్కడి నుంచి ఆటో. బస్సులో కిటికీ పక్క సీటు నాకిచ్చింది. సగం దూరం పోయింది. తర్వాత నేనే అడిగాను.

"మీ అమ్మ అండ్ల ఏమని ఏడ్చింది?"

ఆమె సంచి ఒళ్లోకి తీసుకొని, ఒక్కో ముక్కా తెలుగులో చెప్పింది.

"నువ్వు పోయిన్నాడు పందిరికి సొరపాదు వెట్టిన బిడ్డా. మొదటి కాపు మేకలు తిన్నయి. రెండో కాపు వచ్చిన చుట్టాలకు వండివెట్టిన. మూడో కాపుకు నువ్వొస్తవని కోయకుంట ఉంచిన, ఎండిపోయింది. గింజలు తీసి మూటగట్టిన. నీ ఎడ్డి తమ్ముడు వేరే గింజలని పారవోసిండు. దూడ పుట్టింది, సచ్చింది. నాకు జ్వరమొచ్చింది, పోయింది. నీ అంగి ఒకటి దండెం మీదనే ఉండె, తియ్యలే నేను..."

అక్కడ ఆగింది. "ఇంక ఉన్నది. నాలుగు నిమిషాలాయె గదా. ఈ తెలుగు మాటలు తెర కింద వెయ్యాలె అని నేను మస్తు అడిగిన మేడం. మా పెద్దసారు ఏడుపుకు అర్థమెందుకు అన్నడు. నేను ఇంకా గట్టిగ అడగాలె. అడగలే."

తప్పులో తనకూ వాటా ఉందన్నట్టు చెప్పింది. నా బరువు కొంచెం తగ్గించాలని చెప్పిందో, నిజంగా అలా అనుకుందో తెలియదు. ఆ మాటతో నా బరువు రెట్టింపయింది. చిన్నప్పుడు మా పొలం ఒడ్డు మీద ఏడ్చిన ఇద్దరు ఆడవాళ్ల గురించి అప్పుడు ఆమెకు చెప్పాను. "రెండు తండాల అక్కచెల్లెండ్లు అయ్యుంటరు మేడం. నాట్లకే గదా కలుసుకునేది," అంది.

తండా చివర రేకుల ఇల్లు. వరండా నిండా పత్తి. ఆ తల్లి గోడకు ఆనుకొని కూర్చొని పత్తిలో ఇరుక్కున్న ఎండాకుల ముక్కలు ఏరుతోంది. అరవై దాటి ఉంటాయి. కూతురు ఆటో దిగి లోపలికి వెళ్లింది. నేను వెనకే ఉన్నాను. తల్లి తలెత్తి చూసి లేచింది. రెండు చేతులూ కొంచెం ముందుకొచ్చాయి. నన్ను చూసింది. ఆ చేతులతోనే చీర మీది పత్తి దులుపుకొని, మంచం వాల్చింది.

"కూసో అమ్మా. నీళ్లు తాగుతవా?"

నేను కూర్చోలేదు. ఆమె ఎదుట నిలబడి, రైలంతా నేర్చుకుంటూ వచ్చిన మాటలు చెప్పాను. ఆ పేపర్లో రాసింది నేనేనని, తెలియక రాశానని, నీ ఏడుపులో తప్పేమీ లేదని, తప్పు నాదని. అక్షరాల్లో పెట్టినప్పుడు ఎంత జంకూ లేకుండా రాశానో, నోటితో చెప్పేటప్పుడు అంత తడబడ్డాను. కూతురు వాళ్ల భాషలో మళ్లీ చెప్పింది.

ఆమె శాంతంగా విన్నది. "ఏం గాదు తియ్యమ్మా. నీకేం ఎరుక," అంది. తర్వాత నవ్వబోయి అంది. "పోరగాండ్లు ఫోన్ల సూపిచ్చిండ్రు. నేనెప్పుడు నన్ను సూసుకోలే గదా. గింత అసయ్యంగ ఏడుస్తనా అనుకున్న. మంది నవ్వుతుండ్రంటే ఊకె నవ్వుతరా?"

"అసహ్యంగా లేదవ్వా. మాకు సమజ్ కాలే," అన్నాను.

"సరే అమ్మా," అంది. పెద్దింటి మనిషి ఏదైనా చెబితే అనే సరే అది. చిన్నప్పుడు మా పొలంలో చాలాసార్లు విన్నాను. ఆ సరేలో ఒప్పుకోవడం ఉండదు.

టీ ఇచ్చింది. అప్పుడే వాకిట్లో ఆటో ఆగింది. వచ్చింది ఆ తల్లికి చెల్లెలట, వేరే తండాకు ఇచ్చారు. పత్తి కూలికి ఎటో పోయి ఎనిమిది నెలలకు వస్తోంది. దిగుతూనే అక్కను చూసి రెండు చేతులూ చాచి, గొంతు ఎత్తింది. ఒక్క దీర్ఘం తీసింది, అంతే. అక్క ఉరికి వెళ్లి ఆమెను పట్టుకొని, చెవిలో ఏదో అంది. ఆ గొంతు అక్కడే ఆగిపోయింది.

"ఏమన్నది?" అని కూతురిని అడిగాను.

ఆమె తల వంచుకొని చెప్పింది. "పేపరామె వచ్చింది, ఏడ్వకు అన్నది."

నేను కప్పు కింద పెట్టి బయటికి నడిచాను. నేను లేకపోతే ఏడ్చుకుంటారేమోనని తండా దాటి, మట్టి బాట చివరిదాకా పోయి నిలబడ్డాను. చాలాసేపు నిలబడ్డాను. రేకుల ఇంటి వైపు నుంచి కోళ్ల చప్పుడు వచ్చింది, ఎవరో నీళ్లు తోడిన చప్పుడు వచ్చింది. ఏడుపు రాలేదు.

తిరిగి వచ్చి పెద్ద వ్యాసం రాశాను. సమీక్షంత పొడవు. ఎక్కడ పొరబడ్డానో, ఎవరిని అడగకుండా రాశానో, సొరపాదు సంగతితో సహా అన్నీ. ఇంచార్జి చదివి కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. మంచి మనిషే. కానీ తప్పు ఒప్పుకోవడానికి పేజీ అంతా ఇచ్చే ఆనవాయితీ ఏ పత్రికకూ లేదు.

"అక్కా, సవరణ అని వేద్దాం. నాలుగు లైన్లు. ఇంతకంటే పైనోళ్లు ఒప్పుకోరు."

నాలుగు లైన్లే వచ్చాయి. 'గతంలో ప్రచురించిన సమీక్షలో ఒక వర్గం వారి సంప్రదాయాన్ని పొరపాటుగా పేర్కొన్నందుకు చింతిస్తున్నాం.' ఏ సంప్రదాయమో, ఏం పొరపాటో దాన్ని చదివినవారికి తెలిసే వీలు లేదు. పేజీలు పెట్టే ఆమె ఆ నాలుగు లైన్లను ఉన్నంతలో పై మూలన, కనబడేచోట సర్దింది. అదే నెలలో మా పత్రికే సవరించిన ఆట మీద ఇంకొకరితో రాయించి, వయొలిన్‌తో చివరి ఘట్టం నిండుదనం సంతరించుకుందని పదికి ఏడు వేసింది. కథ రాసిన అమ్మాయి పాత గొంతును మళ్లీ పెట్టమని కంపెనీలో అడిగింది. జనానికి నచ్చినదాన్ని ఎవరు కదుపుతారు? మరి కొన్నాళ్లకు ఆ ఉద్యోగం వదిలేసింది. నేను గేముల శీర్షిక రాయడం మానేశాను. ఏడాదిలోపే రిటైరయ్యాను. సన్మానంలో మాట్లాడినవాళ్లు నా వాడైన శీర్షికలను తలుచుకున్నారు. వాటిలో 'కలయికలో కర్మకాండ' కూడా ఉంది.

పిల్లలూ, తెలియని దాని గురించి రాయొద్దని నేను చెప్పను. అలాగైతే పత్రికలే ఉండవు. నాకు తెలియదని నాకు తెలిసి ఉంటే అడిగేదాన్ని. తెలుసనుకున్నాను. ఆ ఊళ్ల మధ్యే పుట్టాను కదా అనుకున్నాను. మా పొలంలో వంగి నాట్లేసిన మనుషులు ఎందుకు ఏడుస్తారో యాభై ఏళ్లలో ఒక్కసారి కూడా వాళ్లను అడగలేదన్న సంగతి, పదికి నాలుగు వేసేటప్పుడు నాకు గుర్తు రాలేదు.

ఈ ఎండాకాలం ఆ అమ్మాయి ఫోన్ చేసి, యాడి పోయిందని చెప్పింది. పది రోజుల తర్వాత వెళ్లాను. అదే వరండా. పత్తి లేదు కాబట్టి ఇల్లు పెద్దదిగా కనబడింది. ఆమె నన్ను మంచం మీద కూర్చోబెట్టి, తను కింద కూర్చుంది. చివరి రోజుల సంగతి అడిగాను.

"దవాఖాన్ల ఏసిండ్రని తెలువంగనే హైదరాబాద్ నుంచి ఉరికొచ్చిన మేడం. నన్ను సూసి రెండు చేతులు లేపింది. మెడల ఏసింది. ఇగ ఏడుస్తది అనుకున్న. చుట్టు మంచాలల్ల మంది ఉన్నరు గదా. 'తిన్నవా బిడ్డా' అన్నది. తెలుగుల అన్నది. పుట్టినకాడి నుంచి మా యాడి నాతోని తెలుగు మాట్లాడలే."

నేను ఆమె భుజం మీద చెయ్యి వేశాను.

"పానం పోయి ఇంటికి తెచ్చినంక అందరు నా దిక్కే సూసిండ్రు. ఒక్కతే ఆడపిల్లను, ఏడుపు నేనే ఎత్తుకోవాలె. 'యాడీ, నేనొచ్చిన' అన్న. తర్వాత ఏమనాల్నో నాకు రాలే. మా చిన్నమ్మ అందుకున్నది."

"ఆమె గొంతు నీ ఫోన్ల ఉన్నది గదా బిడ్డా," అన్నాను. ఏదో ఒక ఓదార్పు చెప్పాలని.

"ఉన్నది. గది ఆమె నా కోసం ఏడ్సింది మేడం. సొరపాదు, దూడ, నా అంగి. ఆమె కోసం నేను ఏడ్సే మాటలు అండ్ల ఎట్లుంటయి? అవి, నేను ఇంటికొచ్చినప్పుడల్ల ఆమె ఏడుస్తుంటే, ఆమె మెడ పట్టుకొని వింటుంటె వస్తయి. నాకు వచ్చే యాళ్లకు ఆమె బంద్ చేసె."

అంతలో బయట ఆటో ఆగింది. దూరపు చుట్టాలెవరో, కబురు ఆలస్యంగా తెలిసి వచ్చినవాళ్లు. ముందు దిగిన ముసలామె వాకిట్లోనే చేతులు చాచింది. ఆ అమ్మాయి లేచి ఎదురు వెళ్లింది. ఆ చేతుల్లోకి వెళ్లి, భుజం మీద తల పెట్టింది. ముసలామె ఆగి ఎదురుచూసింది. నేనూ మంచం మీంచి లేచి నిలబడ్డాను. కొంతసేపటికి ఆ అమ్మాయి తల ఎత్తి, ముసలామె చేయి పట్టుకొని లోపలికి తెచ్చి, మంచం చూపించింది.

"కూసో అవ్వా," అంది. "నీళ్లు తెస్త."